మూడోసారి అడిగేదాకా

ఆర్డిస్ కోవనెన్‌కు ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే ముందు వచ్చే మాట "అబ్బే, వద్దండీ." రెండోసారి అడిగితే, "ఎందుకండీ మీకు శ్రమ." మూడోసారి అడిగితేనే, "సరే మరి, మీకేం ఇబ్బంది లేకపోతే" అని చెయ్యి చాపుతుంది. ఆమెనొక్కదాన్నీ అనడం ఎందుకు, ఉత్తర మిన్నెసోటాలో మేమందరం ఈ బాపతే. కాఫీ కప్పయినా సరే, రెండుసార్లు వద్దనకుండా పుచ్చుకున్నవాణ్ణి చూస్తే, వీణ్ణి ఏ తల్లి పెంచిందోనని అనుకుంటాం. కాకపోతే మేమంతా నోటితో వద్దంటూ కళ్లతో కావాలంటాం. ఆర్డిస్ కళ్లు కూడా వద్దనే అంటాయి. అంతటి మొహమాటం ఆమెది.

ఒక జనవరిలో చర్చి అయ్యాక ఆమె కారు స్టార్టు కాలేదు. ఊపిరి వదిలితే గాల్లోనే గడ్డకట్టేంత చలి. తలకు మఫ్లర్ చుట్టుకుని ఇంటికి నడక మొదలుపెట్టింది. టెక్సస్ నుంచి కొత్తగా వచ్చిన పాస్టరుగారు పక్కన కారాపి, "ఎక్కండమ్మా, దింపేస్తాను" అన్నారు. "అబ్బే, వద్దండీ, దగ్గరే" అంది. "మరీ చలిగా ఉందమ్మా, ఎక్కండి" అన్నారు. "ఎందుకండీ మీకు శ్రమ, నడిస్తే ఒంటికి మంచిది" అంది. పాపం ఆ మహానుభావుడు నమ్మేశాడు. "సరేనమ్మా, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అని దీవించి మరీ వెళ్లిపోయాడు. ఇంకా ఎంత చల్లగా చూడాలో!

చెవులు కందిపోయి మా ఇంటికొచ్చి పడింది. సూప్ వెచ్చబెట్టి ఇస్తూ నాలుగు చివాట్లు పెట్టాను. "ఎక్కితే నీ సొమ్మేం పోయేదే?" అన్నాను. "ఎక్కేదాన్నే లవాన్. రెండుసార్లే అడిగారు ఆయన. మనిషి మంచివారే, ఇంకా మన పద్ధతి తెలీదు" అంది. తప్పు ఆయనదేనట!

ఆ లవాన్‌ని నేనే. మా ఊరి బడి వంటగదిలో ఇరవై ఆరేళ్లుగా ఆర్డిస్‌తో కలిసి పనిచేస్తున్నాను. ఆమె పెద్ద వంటమనిషి, నేను వడ్డించడం, గిన్నెలు తోమడం. నా నోరు ఊరుకోదని ఊరంతా అంటారు. నిజమే, ఊరుకోదు. ఆర్డిస్ నోరు అసలు తెరుచుకోదు కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. సోమవారం పొద్దున కొందరు పిల్లలు ఆవురావురుమంటూ వస్తారు. శని, ఆదివారాలు వాళ్లిళ్లలో ఏం తిన్నారో ఎవరూ అడగరు. ఆర్డిస్ కూడా అడగదు. ఆ పిల్లల పళ్లెంలో మాత్రం గుడ్డు పొరటు రెండు గరిటెలు పడుతుంది. బుధవారం చిల్లీ అనే చిక్కుడుగింజల మాంసం కూర, దాల్చినచెక్క రొట్టె పెట్టే రోజు ఏ పిల్లాడికి అంచు ముక్క ఇష్టమో, ఎవడికి నడిమి ముక్క ఇష్టమో ఆమెకు తెలుసు. ఇంతమందికి అడక్కుండా పెట్టే మనిషి, తనకొకరు పెడతానంటే ఎందుకిలా ముడుచుకుపోతుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఆమె భర్త వైనో. కౌంటీలో చలికాలమంతా రోడ్ల మీద మంచు తీసే లారీ నడిపేవాడు. తాతల నాటి ఫిన్లాండు రక్తం, మాట తక్కువ. పెళ్లయిన ఏడాది నుంచీ ఇద్దరూ ప్రతి వేసవీ ఔల్ లేక్ ఒడ్డున టెంటు వేసుకుని నాలుగైదు వారాలు ఉండేవాళ్లు. పిల్లల్లేరు. వాళ్లకు పండగైనా, తీర్థమైనా, పుట్టిల్లైనా ఆ సరస్సే. వైనో తెల్లారేసరికి పడవలో ఉండేవాడు, ఆర్డిస్ ఒడ్డున కూర్చుని చేపలు శుభ్రం చేసేది. ఇద్దరూ పొద్దంతా పట్టుమని పది మాటలైనా మాట్లాడుకునేవాళ్లు కాదు. అయినా సెప్టెంబరులో బడికొచ్చేసరికి ఆర్డిస్ మొహం కళకళలాడుతూ ఉండేది.

రెండేళ్ల కిందట వైనో కిడ్నీలు పాడయ్యాయి. రోజూ రాత్రి పొట్టలోని గొట్టానికి ఒక యంత్రం తగిలించుకుని పడుకోవాలి. అది రాత్రంతా నీళ్లు ఎక్కిస్తూ, తీస్తూ, ఒంట్లోని చెడును కడుగుతుంది. ఇంట్లోనే చేసుకోవచ్చు, అంతవరకూ నయం. కానీ గది అద్దంలా ఉండాలి, కరెంటు ఉండాలి. కాస్త మురికి తగిలినా పొట్టలో చీము పడుతుంది, ప్రాణం మీదికొస్తుంది. టెంటు మాటెత్తితే నర్సు రెండు చేతులూ ఊపేసింది. "మట్టినేల మీద కుదరదమ్మా. మంచి ట్రైలరుంటే వెళ్లండి. బూజు వాసనొచ్చే డొక్కు ట్రైలరైతే మాత్రం టెంటుకన్నా అన్యాయం" అని చెప్పింది. ట్రైలరంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు.

అలా రెండు వేసవులు పోయాయి. వైనో కుర్చీలో కూర్చుని గోడకేసి చూసేవాడు. ఈ ఏడాది మార్చిలో ఒకరోజు బంగాళాదుంపల తొక్క తీస్తూ, తల పైకెత్తకుండానే ఆర్డిస్ నాతో చెప్పింది.

"వైనో ఇంక యంత్రం పెట్టుకోనంటున్నాడు."

"అంటే ఏంటే?"

"ఈ వేసవి కూడా ఈ గోడే చూడాలంటే ఆ గొట్టం నాకొద్దు, పీకించేస్తానన్నాడు. కోపంగా అన్లేదు లవాన్. ఉప్పు ఇటివ్వు అన్నట్టు అన్నాడు."

గొట్టం పీకేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. మహా అయితే రెండు వారాలు. ఆమె చేతులు మాత్రం ఆగలేదు. తొక్క తీసిన దుంపనే మళ్లీ తీస్తున్నాయి. నేను ఆ దుంప లాక్కుని పక్కన పెట్టి, "అయితే ట్రైలర్ కొందాం" అన్నాను. ఆమె నాకేసి వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

కొనడానికి ఆమె దగ్గరున్నవి మూడు వేల డాలర్లు. శనివారాలు ఏలకుల రొట్టెలు చేసి సంతలో అమ్మి కూడబెట్టినవి. కొత్త ట్రైలర్లు అమ్మేచోట ఆ డబ్బుకు గుమ్మం ముందున్న మెట్టు కూడా రాదు. పాతవే దిక్కు. అసలు పాతవాటికీ మూడు వేలంటే మా చుట్టుపక్కల నవ్వుతారు. అందరికీ మేలో ట్రైలర్ మీద మనసు పుడుతుంది, ధరలు చెట్టెక్కి కూర్చుంటాయి.

మొదట చూసినదాన్ని ఫోటోలో చూసి మురిసిపోయాం. తీరా వెళ్లి తలుపు తీస్తే గుప్పున కొట్టింది వాసన. నేల మీద కాలు వేస్తే తడిసిన రొట్టె మీద వేసినట్టు దిగిపోయింది. కిటికీ కింద చెక్కంతా గోధుమరంగు మరకలు, పైన కొత్త రంగు. అమ్మేవాడు సిగ్గులేకుండా, "కాస్త గాలి తగిలితే సరిపోతుంది" అన్నాడు. "నీ తలకాయకు తగలాలి గాలి" అన్నాను. ఆర్డిస్ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోతూ, వాడికి థాంక్స్ చెప్పి వచ్చింది! రెండోది చూడ్డానికి గంటన్నర ప్రయాణం చేసి వెళ్తే అప్పటికే అమ్ముడైంది. మూడోదాంట్లో ఎలుకలు కాపురం పెట్టి, పరుపు సగం తినేశాయి. ఆ తర్వాతవన్నీ ఆమె డబ్బుకు అందనివే. ఏప్రిల్ వెళ్లిపోయింది. సరస్సు మీద మంచుపలక కరిగిపోయింది. వైనో ఆసుపత్రికి ఫోన్ చేసి, గొట్టం తీయించుకోవడానికి ఎవరితో మాట్లాడాలని అడిగాడట. ఆ మాట చెబుతూ ఆర్డిస్ వంటగదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి, ఏం తియ్యాలో మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

ఆ వారమే కిరాణా కొట్టు గోడమీద చీటీ చూశాను. పాత క్యాంపర్ ట్రైలర్, పదహారు అడుగులు, చలికాలమంతా షెడ్డులోనే ఉంచినది, నాలుగున్నర వేలు. షెడ్డులో ఉంచినదన్న ముక్క చదివి ఆశ పుట్టింది. షెడ్డులో ఉందంటే మంచు పడలేదు. మంచు పడలేదంటే కప్పు కారలేదు. ఆర్డిస్‌కు ధర చెప్పకుండా నా ట్రక్కులో ఎక్కించుకుని బయల్దేరాను. ధర చెబితే ఎక్కదు.

అమ్మేది ఓర్విల్ స్టెన్‌రుడ్ అని ఒక ముసలాయన. రెండు ఊళ్ల అవతల పొలం. మోచేతుల దగ్గర చిరిగిన చొక్కా, తలమీద విత్తనాల కంపెనీవాళ్లిచ్చిన టోపీ. షెడ్డు తలుపు జరిపి, "అదిగోనమ్మా" అని పక్కకు తప్పుకున్నారు. మీగడరంగు ట్రైలర్, నడుముకు ఆకుపచ్చ చార. ఆర్డిస్ లోపలికెళ్లి అల్మారాలన్నీ తెరిచి ఒక్కొక్కదాంట్లో తల దూర్చి వాసన చూసింది. బోర్లా పడుకుని నేల మూలలన్నీ పిడికిలితో నొక్కింది. నేను టార్చి పట్టుకుని వెనకాల నిలబడ్డాను. మంచం, పక్కనే కరెంటు ప్లగ్గు, పిల్లలాడుకునేంత గ్యాసుపొయ్యి, బీరువాలో పట్టేంత బాత్రూం. కుట్టుమిషను మీద కుట్టిన పసుపు కర్టెన్లు. మంచాన్ని చేత్తో తడిమి నా వైపు తిరిగి, "బూజు లేదే" అని గుసగుసలాడింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆర్డిస్ కళ్లు కావాలనడం చూశాను.

బయటికి రాగానే ఓర్విల్ గారు, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

"చాలా బాగుందండీ. మేం ఊరికే చూసిపోదామని వచ్చాం" అంది ఆర్డిస్.

ఒళ్లు మండిపోయింది నాకు. ఊరికేనా! "ఊరికే కాదండీ" అని అందుకున్నాను. "వాళ్లాయనకు కిడ్నీలు పోయాయి. రాత్రిళ్లు యంత్రం పెట్టుకోవాలి. సరస్సు దగ్గరికి తీసుకెళ్లకపోతే అది కూడా పీకేసి చచ్చిపోతానంటున్నాడు. ఈమె దగ్గర మూడు వేలే ఉన్నాయి. మీరు రాసింది నాలుగున్నర. ఇదీ సంగతి. ఇక మీ ఇష్టం."

ఆర్డిస్ మొహం జేవురించింది. నేల చీలితే అందులోకి దిగిపోయేలా ఉంది. ఓర్విల్ గారు టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నారు.

"అయితే మూడు వేలకే తీసుకెళ్లండమ్మా" అన్నారు.

"అబ్బే, వద్దండీ" అంది ఆర్డిస్. "మీరు రాసింది న్యాయమైన ధర."

నేను ఆమె కాలు తొక్కాను. కదల్లేదు. ఆయన "లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని" అన్నారు. వద్దన్నాం. ఉన్న కాఫీయేగా అన్నారు. శ్రమన్నాం. ఎలాగూ పెట్టేశానన్నారు. సరే మరి అని వెళ్లి కూర్చున్నాం. అదంతా మామూలే. కాఫీ విషయంలో ముగ్గురికీ ఏ తడబాటూ లేదు.

వంటింటి బల్ల దగ్గర ఆయన ట్రైలర్ సంగతి చెప్పుకొచ్చారు. భార్య ఇనెజ్ పోయి రెండేళ్లయిందట. కర్టెన్లు ఆమె కుట్టినవేనట. "ఒక్కణ్ణే ఒకసారి వెళ్లొచ్చానమ్మా. రెండు కప్పులు కాఫీ పెట్టుకున్నాను పొరపాటున. ఇంక వెళ్లలేదు" అన్నారు. మా కప్పులు మళ్లీ నింపి, "షెడ్డులో ఉండి అది ఎవరికి లాభం? తీసుకెళ్లండి. మూడు వేలు నాకు ఎక్కువే" అన్నారు.

ఆర్డిస్ కళ్లనిండా నీళ్లు. అయినా ఆ దిక్కుమాలిన నోరు, "ఎందుకండీ మీకు నష్టం? మీ దగ్గర అలా తీసుకుంటే నాకు నిద్ర పడుతుందా?" అంది.

రెండోసారి కూడా అయిపోయింది. ఇంక మిగిలింది ఒక్కసారే. ఆయన నోరు తెరిచారు. నేను కుర్చీ అంచుకు జరిగాను. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఒక ట్రక్కు వచ్చి ఆగింది.

దిగినవాడు మినియాపోలిస్ కుర్రాడు. ట్రక్కు నా ఇంటికన్నా కొత్తగా ఉంది. నెత్తిమీద నల్లద్దాలు. షెడ్డులోకి ఇలా వెళ్లి అలా వచ్చి, ఫోటోలు తీసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి, "చాలా బాగుందండీ. తెల్లరంగు వేయించి, దీపాలు పెట్టించి, వేసవిలో అద్దెకిస్తాను. నాలుగున్నర వేలేగా? తెచ్చాను" అన్నాడు.

"కాఫీ తాగుతావా బాబూ?" అన్నారు ఓర్విల్ గారు.

"ఆ, ఇవ్వండి" అన్నాడు వాడు.

ఒక్కసారికే! నేనూ ఆర్డిస్ మొహమొహాలు చూసుకున్నాం. ఓర్విల్ గారు కూడా ఒక్క క్షణం కెటిల్ పట్టుకుని ఆగిపోయారు. వాడు దర్జాగా కుర్చీ లాక్కుని కూర్చుని, డబ్బు కట్ట తీసి బల్లమీద, వెన్న గిన్నె పక్కన పెట్టాడు. వైనో ఆ కుర్చీలో, ఆ గోడకేసి చూస్తూ కూర్చున్నట్టే కళ్లముందు కనిపించాడు.

ఆర్డిస్ రెండు చేతులతో మోకాళ్ల మీద చరుచుకుని, "సరే మరి" అని లేచింది. మా దగ్గర అలా చరుచుకుంటే బయల్దేరుతున్నామని.

"కూర్చోండమ్మా" అన్నారు ఓర్విల్ గారు.

కుర్రాడు అటూ ఇటూ చూశాడు. "వీళ్లు కూడా దానికోసమే వచ్చారా? కొంటున్నారా మరి?"

"అడిగాను. వద్దన్నారు" అన్నారాయన.

"వద్దన్నారుగా! ఇంకేం?"

"రెండుసార్లే వద్దన్నారు బాబూ."

"ఒకసారి వద్దంటే వద్దనే కదండీ?"

"మీ ఊళ్లో కాబోలు" అన్నారు ఓర్విల్ గారు, వాడి కప్పులో కాఫీ పోస్తూ. "ఇక్కడ ఒకసారి వద్దంటే నమస్కారం పెట్టినట్టు. రెండోసారి వద్దంటే ఇంకా ఆలోచిస్తున్నట్టు. మూడోసారి నేనింకా అడగలేదు. నువ్వు మధ్యలో వచ్చావు."

"మూడోసారి కూడా వద్దంటే?"

"అప్పుడు నీదే. తొందరేముంది, కాఫీ తాగు."

ముసలాయన కాళ్లమీద పడాలనిపించింది నాకు. కానీ ఆ సంతోషం ఎంతసేపు? ఆర్డిస్ మొహం చూశాను, పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె చూస్తున్నది ఆ డబ్బు కట్టకేసి. తర్వాత ఓర్విల్ గారి చిరిగిన మోచేతికేసి. మళ్లీ కట్టకేసి. ఇంతకుముందు మూడు వేలంటే కాగితం మీది ధర తగ్గించడం. ఇప్పుడు కళ్లెదురుగా ఉన్న డబ్బు ఆయన చేతిలోంచి తీసేయడం. ఆర్డిస్ సంగతి నాకు తెలీదా! తన పళ్లెంలోది ఇంకొకరికి వేస్తుంది గాని, ఇంకొకరి పళ్లెంలోది తను ముట్టుకోదు. చచ్చినా ముట్టుకోదు. ఇక్కడ చచ్చేది వైనో అయినా సరే ముట్టుకోదేమోనని భయమేసింది.

ఓర్విల్ గారు కెటిల్ పొయ్యిమీద పెట్టి, ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డారు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఆర్డిస్ గారూ. మూడోసారి అడుగుతున్నాను. నాలుగోసారి అడగను, బతిమాలి అంటగట్టినట్టుంటుంది. మూడు వేలకు తీసుకుంటారా?"

మాట్లాడదామని నోరు తెరిచాను. ఆయన నాకేసి చూశారు. నోరు మూసుకున్నాను. అది కూడా నా జన్మలో మొదటిసారే.

"అ..." అంది ఆర్డిస్. అబ్బేలోని అ అది. నేను కళ్లు మూసుకున్నాను.

ఏమీ వినపడలేదు. కళ్లు తెరిచేసరికి ఆమె రెండు చేతులూ బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి.

"అది నాకు కావాలండీ" అంది. "అన్యాయమే. మీకు నష్టమే, కనబడుతూనే ఉంది. అయినా నాకు కావాలి. ఆయన లేకపోతే నేను ఆ ఇంట్లో ఉండలేను. ఇవ్వండి."

ఇరవై ఆరేళ్లు పక్కన నిలబడి పనిచేశాను. ఆమె నోట 'నాకు కావాలి' అన్న మాట అదే వినడం. నాకు ఏడుపాగలేదు. ముక్కు తుడుచుకోవడానికి ఏదీ దొరక్క ఓర్విల్ గారి చేతిగుడ్డతో తుడుచుకున్నాను.

ఓర్విల్ గారు తలూపారు. డబ్బు కట్ట తీసి కుర్రాడి ముందుకు జరిపారు. "ఏమనుకోకు బాబూ. కాఫీ చల్లారిపోతోంది."

మంచి పిల్లాడే, ఉన్నమాట చెప్పాలి. కట్ట జేబులో పెట్టుకుని, "మీ ట్రక్కుకు ట్రైలర్ తగిలించడం వచ్చా అండీ?" అని నన్ను అడిగాడు. వచ్చన్నాను. రాదు. షెడ్డు గోడకు ఒకసారి గుద్దేసరికి వాడే తాళాలు పుచ్చుకుని, ట్రక్కును వెనక్కి పోనిచ్చి, ఒక్క దెబ్బకు కొక్కెంలో కూర్చోబెట్టి, వెనకాల దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసి మరీ దిగాడు. "మీ ఆయన్ను అడిగానని చెప్పండి" అన్నాడు ఆర్డిస్‌తో. ముక్కూ మొహం తెలియని మనిషికి వాడు చెప్పిన ఆ మాట ఆమె ఇంకా తలుచుకుంటుంది.

అయినా మేం అక్కణ్ణించి కదిలేసరికి పొద్దు వాలింది. ఓర్విల్ గారు నీళ్ల గొట్టం కూడా తీసుకెళ్లమన్నారు. అబ్బే అంది. చక్రాల కింద పెట్టే దిమ్మెలు కూడా అన్నారు. ఎందుకండీ అంది. ట్రైలర్ ముందు నీడకు కట్టే గుడ్డ, ఇనపపెనం, దోమతెర, ఇనెజ్ గారి పింగాణీ కప్పులు రెండు... ఒక్కొక్కదానికీ మూడేసి విడతలు. ట్రైలర్ దగ్గర తెరుచుకున్న నోరు పెనం దగ్గరికొచ్చేసరికి మళ్లీ మూసుకుపోయింది. నేను ట్రక్కులో కూర్చుని హారన్ కొట్టాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటి ముందు ట్రైలర్ ఆపేసరికి వైనో మెట్లమీదికొచ్చాడు. కర్ర పట్టుకుని దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. చక్రాన్ని కాలితో తన్నాడు. "టైర్లు పాతవే" అన్నాడు. ఆర్డిస్ నాకేసి చూసి నవ్వింది. వైనో ఆ మాత్రం అన్నాడంటే మనసు నిండిపోయినట్టు. మర్నాడే ఆసుపత్రికి ఫోన్ చేసి, గొట్టం తీసే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టమన్నాడట. ప్రస్తుతానికి అన్నాడు, అంతే. వేసవి దాటాక సంగతి ఎవరికీ చెప్పలేదు.

వంటగది ఆడవాళ్లమంతా చేరి ఆ ట్రైలర్‌ను రెండు శనివారాలు తోమాం. మా బడి బస్సు డ్రైవర్ కొత్త టైర్లు వేశాడు, డబ్బు అడిగితే వినపడనట్టు నటించాడు. నర్సు స్వయంగా వచ్చి ముక్కు దూర్చి చూసి, "ఇంత శుభ్రం మా ఆసుపత్రిలో ఉంటే బాగుండు" అని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లింది. నాకు తెలిసినవాళ్లంతా ఇంత మంచివాళ్లని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ కాసిన్ని రోజులూ నా నోటికి పని తగ్గిపోయింది.

బడి సెలవులివ్వగానే వాళ్లు ఔల్ లేక్ ఒడ్డున కరెంటున్న చోటు చూసుకుని వెళ్లిపోయారు. మొదటి రాత్రి ఎలా గడిచిందోనని నాకు ఇంట్లో కాలు నిలవలేదు. పొద్దున్నే బ్లూబెరీ కేకు చుట్టుకుని బయల్దేరి, తొమ్మిదింటికల్లా అక్కడున్నాను. వైనో ట్రైలర్ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో గాలం. పడవ లేదు, ఒడ్డునుంచే నీళ్లలోకి వేసి పట్టుకున్నాడు. నేను ట్రక్కు తలుపు వేయబోతే గాల్లోకి చెయ్యెత్తి ఆపాడు.

"చప్పుడు చెయ్యకు. పడుకుంది" అన్నాడు.

"ఎవరు? ఆర్డిసా? ఈ వేళప్పుడా?" నాలుగింటికి లేచే మనిషి ఆమె. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నిద్రపోతోంది."

కిటికీలోంచి తొంగిచూశాను. ఆ పసుపు కర్టెను పక్కన, మంచం మీద అడ్డంగా, నోరు తెరుచుకుని, దుప్పటి సగం కిందపడి, చిన్నపిల్లలా పడి నిద్రపోతోంది. పక్కనే యంత్రం ఆపేసి ఉంది. గొట్టాలన్నీ చుట్టి, సంచిలో కట్టి పెట్టి ఉన్నాయి.

"ఎవరు తీశారు ఇవన్నీ?" అన్నాను.

"నేనే" అన్నాడు వైనో. "ఈ రెండేళ్లూ నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. యంత్రం కుయ్ మంటే చాలు, లేచి కూర్చునేది. అది అరవకపోయినా లేచేది, ఎందుకు అరవట్లేదో చూడ్డానికి. రెండేళ్లుగా ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు లవాన్. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను గాని, పక్కకు తిరిగి ఆమెను చూడలేదు."

ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. కేకు ఒళ్లో పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాను.

"రాత్రి యంత్రం చెవి పక్కనే గోలగోల చేసింది" అన్నాడు. "ఆమె కదల్లేదు. సరస్సు నీళ్ల చప్పుడుకు అలా నిద్రలో మునిగిపోయింది. నేనే లేచి సరిచేశాను. నాకు చేతనవుతుందని నాకే తెలీదు."

నీళ్లమీద లూన్ పిట్ట ఒకటి కూసింది. వైనో గాలం కాస్త పైకి లాగి చూశాడు. ఏమీ పడలేదు. మళ్లీ వేశాడు.

"ఇంకా కొన్నేళ్లు పెట్టుకుంటానులే ఆ గొట్టం" అన్నాడు.

నేను చటుక్కున లేచాను. "ఉండు, దానికి చెబుతాను!"

"కూర్చో" అన్నాడు. "లేచాక నేనే చెబుతాను. ముందు నిద్రపోనీ."